ముగ్గురి పేర్లు

రెండువేల ఇరవయ్యొకటి, మే నెల రెండో శుక్రవారం మధ్యాహ్నం కనకలతకు మేనేజరు కీరన్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రెండే వాక్యాలు. "నీ టీమ్‌లో ఇండియా వాళ్ళ పేర్లు పంపగలవా? ఈ రోజే కావాలి."

ఐర్లండ్‌లోని కార్క్ నగరానికి దక్షిణాన, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న మందుల ఫ్యాక్టరీ అది. ఇంజెక్షన్ మందుల్లో సూక్ష్మజీవులేమైనా ఉన్నాయేమో పరీక్షించే ల్యాబ్‌లో కనకలత షిఫ్ట్ లీడ్. ఆమెతో కలిపి టీమ్‌లో పదకొండుమంది. ఇండియాలో కుటుంబాలున్న వాళ్ళకు ఏ సాయం కావాలన్నా చెప్పమని అంతకు వారం ముందే హెచ్‌ఆర్ వాళ్ళు అందరికీ రాశారు. ఇదీ అందుకేననుకుంది. బ్రహ్మానందం, ఆశ్రిత, చివర తన పేరు. ఐదు నిమిషాల్లో టైప్ చేసి పంపేసింది. పంపాక ఒక్క క్షణం చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఎందుకని అడగాల్సిందేమో అనిపించింది. ఇంతలో లోపల ఇంక్యుబేటర్ అలారం మోగింది. లేచి వెళ్ళిపోయింది.

సోమవారం ఉదయం గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె బ్యాడ్జి చూశాడు, చేతిలో ఉన్న కాగితం చూశాడు, మళ్ళీ బ్యాడ్జి చూశాడు. రోజూ వాతావరణం గురించి ఏదో ఒకటి అనే మనిషి ఆ రోజు తల వంచుకునే మాట్లాడాడు. "సారీ. మీరు పక్క గేటు నుంచి వెళ్ళాలట."

పక్క గేటు లోపలి గోడకు నోటీసు అంటించి ఉంది. కరోనా ఇండియన్ వేరియంట్ దృష్ట్యా ముందుజాగ్రత్తగా మూడు వారాలపాటు కింది ఉద్యోగులు క్లీన్ రూమ్‌లోకి రాకూడదు. క్యాంటీన్‌కి వెళ్ళకూడదు. కార్ పార్కింగ్ వెనకున్న పోర్టకాబిన్‌లోనే, అంటే ఆ రేకుల గదిలోనే, భోజనం చెయ్యాలి. కింద మూడు పేర్లు. శుక్రవారం తను టైప్ చేసిన వరసలోనే, ఆమె చేసిన స్పెల్లింగ్ పొరపాటుతో సహా ఉన్నాయి.

మధ్యాహ్నం ముగ్గురూ పోర్టకాబిన్‌లో దూరదూరంగా కూర్చున్నారు. హీటర్ పనిచెయ్యడం లేదు. ఆశ్రితకు ఇరవై నాలుగేళ్ళు. కార్క్‌లోనే ఎమ్మెస్సీ చేసి, ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. టిఫిన్ బాక్సు మూత కూడా తియ్యలేదు.

"అక్కా, బుధవారం నా ఇంటర్వ్యూ పోస్ట్‌పోన్ చేశామని మెయిల్ పెట్టారు. పర్మనెంట్ పోస్టు అదొక్కటే ఉంది. జులైలో నా వీసా అయిపోతుంది. మిగతా వాళ్ళ ఇంటర్వ్యూలు మాత్రం బుధవారమేనంట."

బ్రహ్మానందానికి యాభై రెండేళ్ళు. హనుమకొండ మనిషి. మందుల ఫ్యాక్టరీల్లోనే ముప్పయ్యేళ్ళు గడిచాయి. పదిరోజుల కిందట ఆయన అన్న వరంగల్ ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక చనిపోయాడు. దహనం ఫోన్లో చూశాడు. మర్నాడు డ్యూటీకి వచ్చాడు.

"నేను ఇండియా పోయి రెండేండ్లు దాటింది గదమ్మా," అన్నాడు ఆయన మెల్లగా. "అన్న పోతే గూడ పోలేకపోయిన. ఇప్పుడు నా నుంచి వీళ్ళకు అంటుకుంటదా?"

ఆయనే మళ్ళీ అడిగాడు. "మన పేర్లు ఎవరిచ్చిన్రు?"

తెలీదని చెప్పడానికి వీలుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కనకలత తన బాక్సు పక్కకు జరిపింది.

"నేనే అన్నయ్యా. ఎందుకో అడక్కుండా ఇచ్చేశాను."

బ్రహ్మానందం ఆమె వంక చూశాడు. కోపంగా కాదు. లెక్క తప్పిన రిపోర్టును చూసినట్టు చూశాడు. తర్వాత బాక్సు మూసి, బయటికి వెళ్ళి, వానలో చూరు కింద నిలబడ్డాడు.

ల్యాబ్‌కి తిరిగి వెళ్తూ క్యాంటీన్ అద్దంలోంచి చూస్తే లోపల డెక్లాన్ కనిపించాడు. మెషీన్లు చూసే ఇంజనీరు. నలుగురితో కలిసి సూప్ తాగుతూ నవ్వుతున్నాడు. మెషీన్ విడిభాగాల పని మీద మాంచెస్టర్ వెళ్ళి, నాలుగు రోజులుండి, గురువారమే వచ్చాడు. తప్పనిసరి పని కింద అతనికి క్వారంటైన్ మినహాయింపు కూడా దొరికింది. అదే వేరియంట్ ఉత్తర ఇంగ్లండ్ ఊళ్ళలో పాకుతోందని ఉదయం కారు రేడియోలో విన్నదే. కనకలత ల్యాబ్‌కి వెళ్ళకుండా వెనక్కి తిరిగింది.

నేరుగా కీరన్ గదికి వెళ్ళింది. కీరన్ చెడ్డవాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కిందటేడు మొదటి వేవ్‌లో నర్సింగ్ హోమ్‌లో వాళ్ళ నాన్న పోయాడు. అప్పట్నుంచీ గది తలుపు పిడిని కూడా మోచేత్తోనే తోస్తాడు.

"ఇది నీ మీద కోపంతో చేసింది కాదు కనకా. ఒక్క కేసు వచ్చినా లైను ఆగిపోతుంది. నాకు వేరే దారి లేదు."

"మేం ముగ్గురం ఎక్కడికీ వెళ్ళలేదు కీరన్. నువ్వు మమ్మల్ని అడగనుకూడా లేదు."

"పేర్లిచ్చింది నువ్వే కదా." కీరన్ ఒక కాగితం బల్ల మీద జరిపాడు. ఈ ఏర్పాటుకు మేం ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాం అని ఉంది. కింద సంతకాలకు మూడు గీతలు. "గురువారంలోగా ముగ్గురూ సంతకం పెట్టేస్తే అంతా గ్రాండ్, ఇక ఏ గొడవా ఉండదు."

ఇంటికి వచ్చి చెబితే భర్త మహీధర్ లాప్‌టాప్ మూసేశాడు. అతని మొదటి మాటే పర్మిట్ గురించి.

"సెప్టెంబర్లో నీ వర్క్ పర్మిట్‌కు రెండేళ్ళు నిండుతాయి. అంతకు ముందే వీసా పొడిగింపుకు లెటర్ ఇవ్వాల్సింది కంపెనీ వాళ్ళే. బాబుతో కలిపి మన ముగ్గురి వీసాలూ దాని మీదే ఉన్నాయి. మూడు వారాలే కదా, ఊరుకోరాదూ?"

"నాకు మూడు వారాలు. ఆ పిల్లకి ఉద్యోగమే పోతోందండీ."

"నువ్వు పంపకపోతే ఇంకెవరో పంపేవాళ్ళు."

"కానీ పంపింది నేనే కదా."

మంగళవారం తెల్లారి ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని మెయిల్ రాస్తుంటే, మహీధర్ టీ తెచ్చి పక్కన పెట్టి, భుజం మీదుగా చదివాడు. "తారీఖులు సరిచూసుకో," అని మాత్రం అన్నాడు.

హెచ్‌ఆర్ పెద్ద షివాన్‌కు రాసిన మెయిల్ అది. తమ ముగ్గురూ చివరిసారి దేశం దాటి వచ్చిన తేదీలు రాసింది. ఆశ్రిత ఇంటర్వ్యూ సంగతి రాసింది. డెక్లాన్ కిందటి గురువారం మాంచెస్టర్ నుంచి వచ్చిన సంగతీ రాసింది. గత పద్నాలుగు రోజుల్లో బయటి నుంచి వచ్చిన వాళ్ళెవరని ఫ్యాక్టరీ అడిగిందా, లేక ఎవరు ఎక్కడ పుట్టారని అడిగిందా అని రాసింది. పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగుల్ని వేరుగా చూడటం ఈ దేశపు చట్టం ఒప్పుకోదని, ఆ సెక్షను నంబరుతో సహా రాసింది. చివర రెండు వాక్యాలు రాయడానికే ఎక్కువసేపు పట్టింది. "పేర్లు ఇచ్చింది నేను. కారణం అడక్కుండా ఇవ్వడం నా తప్పు."

మంగళవారమంతా జవాబు రాలేదు. ల్యాబ్‌లో జనం ఆమె కనబడగానే మాటలు ఆపుతున్నారు. బుధవారం ఇంటర్వ్యూలు జరిగిపోయాయి. పోర్టకాబిన్ కిటికీలోంచి ఆశ్రిత చూస్తుండగానే, ఆమె పని నేర్పిన కుర్రవాడొకడు టై సర్దుకుంటూ ఆఫీసు మెట్లెక్కాడు.

గురువారం పదింటికి పిలుపు వచ్చింది. మీటింగ్ గదిలో కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. చలిగాలి. అందరికీ మాస్కులు. బల్లకు అటు షివాన్, కీరన్. ఇటు వీళ్ళు ముగ్గురు. సంతకాల కాగితం మధ్యలో ఉంది.

"నేను సంతకం పెట్టను," అంది కనకలత కూర్చోకముందే.

షివాన్ కళ్ళజోడు సవరించుకుంది. "మీరు కాక మిగతా ఇద్దరికీ అభ్యంతరం ఉందా? వాళ్ళనే చెప్పనివ్వండి."

ఆశ్రిత పక్కనున్న పెద్దాయన వైపు చూసింది. బ్రహ్మానందం సోమవారం నుంచి కనకలతతో పని విషయం తప్ప మాట్లాడలేదు. ఆయన ఏమంటాడో ఆమెకు తెలియదు. ఆయన బల్ల మీద పాస్‌పోర్టు తెరిచి పెట్టాడు. ఇంగ్లీషులో ఒక్కో మాటే ఏరుకుంటూ చెప్పాడు.

"మేడమ్, మా అన్న పోయాడు. నేను వెళ్ళలేదు. ఇదిగో, ముద్రలు చూడండి. మర్నాడు పొద్దున ఆరింటికి ఇక్కడ డ్యూటీలో ఉన్నాను. ఆ రోజు నన్ను ఎవరూ వేరే గేటుకు పంపలేదు. అన్నం తినడానికి వేరే గది చూపించలేదు. ఇప్పుడు నాలో ఏం మారింది?"

షివాన్ ఆ పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత కీరన్ వైపు తిరిగింది. "డెక్లాన్ కిందటి గురువారం మాంచెస్టర్ నుంచి వచ్చాడని మెయిల్‌లో రాశారు. అతన్ని అడిగావా?"

"లేదు."

"ఎందుకు?"

"డెక్లాన్ మన..." అని కీరన్ ఆగిపోయాడు. గాలికి బల్ల మీది కాగితం ఎగిరి కింద పడింది. దాన్ని తియ్యడానికి ఎవరూ వంగలేదు.

సాయంత్రానికల్లా నోటీసు తీసేశారు. దేశం బయటి నుంచి ఎవరు వచ్చినా, ఎవరైనా సరే, తేదీ చెప్పి పరీక్ష చేయించుకోవాలని కొత్త నియమం పెట్టారు. డెక్లాన్ వారం రోజులు ఇంట్లో కూర్చున్నాడు. కానీ పర్మనెంట్ పోస్టు అప్పటికే ఆ టై కట్టిన కుర్రవాడికి ఖాయమైపోయింది. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేమన్నారు.

ఆశ్రిత ఏడవలేదు. "నేను కంప్లైంట్ వేస్తానక్కా. మీరు సాక్ష్యం చెబుతారా?" అంది. కనకలత సరేనంది. ఉద్యోగుల ఫిర్యాదులు విచారించే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఆశ్రిత ఫారం నింపుతుంటే బ్రహ్మానందం పక్కన కూర్చుని ప్రతి తేదీ సరిచూశాడు. పాత పరిచయాలన్నీ కదిపి, స్లైగో ఊళ్ళో వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో ఆమెకు ఇంటర్వ్యూ ఇప్పించింది కూడా ఆయనే. వీసా ముగియడానికి తొమ్మిది రోజుల ముందు ఆమెకు ఉద్యోగం వచ్చింది.

కనకలత పర్మిట్ లెటర్ రెండుసార్లు అడిగినా రాలేదు. ఆగస్టు చివరి వారంలో వచ్చింది. కావాలనే ఆపారో, సెలవుల వల్ల ఆలస్యమైందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ఆ నెలంతా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రలేదు. కీరన్ వేరే విభాగానికి మారాడు. ఒకసారి కార్ పార్కింగ్‌లో ఎదురై, "నాకు భయమేసింది కనకా, అంతే," అన్నాడు. "మాకూ వేసింది," అంది ఆమె.

విచారణ మరుసటి ఏడాది నవంబరులో, వీడియోలో జరిగింది. పేర్లు ఎవరిచ్చారని కంపెనీ లాయరు మూడు రకాలుగా అడిగాడు. మూడుసార్లూ కనకలత ఒకే జవాబు చెప్పింది. మర్నాడు బ్రహ్మానందం ల్యాబ్‌లో ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "నిన్న మంచిగ చెప్పినవమ్మా," అన్నాడు.

తీర్పు వసంతంలో వచ్చింది. ఆశ్రితను జాతి కారణంగా వేరుగా చూశారని, పరిహారం ఇవ్వాలని, మేనేజర్లందరికీ శిక్షణ పెట్టాలని అందులో ఉంది. ఆ సాయంత్రం ఆశ్రిత స్లైగో నుంచి ఫోన్ చేసింది. తీర్పు గురించి రెండు మాటలే మాట్లాడి, వేరే సంగతి మొదలుపెట్టింది.

"నన్ను కిందటి నెల ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చోబెట్టారక్కా. ఒక నైజీరియా ఆయన అప్లికేషన్ వచ్చింది. పేరు పలకడం రాక మా సీనియర్ దాన్ని పక్కన పెట్టేశాడు. నేను తీసి మళ్ళీ మధ్యలో పెట్టాను. ముందు ఈయన చేసిన పని చదువుదాం అన్నాను."

"ఏమన్నారు?"

"మా సీనియర్ వాచీ చూసుకున్నాడు. తర్వాత చదివారు, ఇంటర్వ్యూకి పిలిచారు."

"వచ్చిందా ఉద్యోగం?"

"రాలేదక్కా. ఇంకొకామె ఆయనకంటే జవాబులు బాగా చెప్పింది, ఆమెకే ఇచ్చాం. ఎందుకు రాలేదో మాత్రం నేనే ఫోన్ చేసి ఆయనకు చెప్పాను. థాంక్స్ చెప్పి, మళ్ళీ పోస్టు పడితే అప్లికేషన్ వేస్తానన్నాడు."