గాజు గొట్టంలో తగ్గిన షుగర్

లేబ్ నుంచి లిఖిత బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చేసరికి, లోకో షెడ్‌లో పనిచేసే వాళ్ల నాన్న అప్పలస్వామి షుగర్ మాత్రలు చెత్తబుట్టలో పడేసి, గ్లాసుడు ఆకురసం తాగుతున్నాడు.

“ఇదేటి నాన్నా!”

“నువ్వు లేబ్‌లో పరీక్ష చేసిన కోటా అడవి ఆకేనమ్మా. షుగర్‌కి ఇదే మందని మీ సారే హిందీ పేపర్లో చెప్పీసారు కదా!”

లిఖితకి ఒళ్లు మండిపోయింది. ఆ రసం గాజు గొట్టంలో పిండిపదార్థం చక్కెరగా మారకుండా కాస్త ఆపింది, అంతే. మనుషుల మాట దేవుడెరుగు, ఇంకా ఎలకలకైనా పట్టి చూడలేదు.

మాత్రలు ఏరి నాన్న చేతిలో పెట్టి, తన రీసెర్చ్ గైడ్ సారుకి ఫోన్ చేసి కడిగిపారేసింది.

“అరే బేటీ, ఇంత కోపమెందుకు? మాత్రలు మానొద్దని మీ నాన్నగారికి నువ్వు చెప్పు, సరిపోతుంది,” అని నవ్వాడాయన.

“మా నాన్నకి చెప్పడానికి నేనున్నాను సార్. మీ పేపరు చదివిన మిగతా నాన్నలకి ఎవరున్నారు?”