గాల్లో వంటిల్లు

గని ఆఫీసు ఫోటోగ్రాఫర్‌కి పని ఒక్కటే. ఊరెలా మారుతోందో ఏటా ఒకే చోట నిలబడి ఫోటో తీయాలి. ఆ చోటు అతని మేనత్త ఇంటి గుమ్మం. పదకొండేళ్లు తీశాడు. పన్నెండో ఏడు వచ్చేసరికి గని ఆ వీధి మొత్తాన్ని మింగేసింది. జనాన్ని అవతల రేకుల ఇళ్లలోకి తరలించారు. గుమ్మం ఉన్నచోట అరవై అడుగుల గొయ్యి మిగిలింది.

"ఇప్పుడెక్కడ నిలబడను సార్?" అని మేనేజర్ని అడిగాడు.

"అదే చోట. మార్చే అధికారం నాకు లేదయ్యా," అని ఆయన క్రేన్ పంపించాడు.

ఇనుప తొట్టిలో నిలబెట్టి గొయ్యి మీదికి తిప్పారు. "ఇంకో జానెడు ఎడమకి," అన్నాడు ఒడ్డున ఉన్న సర్వేయర్. ఫోటోగ్రాఫర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

సంగతి తెలిసి మేనత్త చేతిసంచితో వచ్చింది.

"ఒరేయ్, నన్నూ ఎక్కించు. నా వంటింట్లో అడుగుపెట్టి ఏడాదయింది."

"అక్కడేముందత్తా, వట్టి గాలి."

"గాలికేం లోటు, మొదట్నుంచీ బాగానే వచ్చేది."

ఎక్కింది. తొట్టిని కుడికి రెండు బారలు జరిపించుకుని, "ఇదిగో పొయ్యి," అని కూర్చుని వంకాయలు తరగసాగింది. అతను ఫోటో తీశాడు. ఇన్నేళ్లలో మనిషిని తీయడం అదే మొదలు.

మర్నాడు పాత వీధంతా వరస కట్టింది. దర్జీ మెడలో టేపు వేసుకుని తన కొట్టున్న చోట నిలబడ్డాడు. మాటల్లేని తోడికోడళ్లిద్దరు మధ్యలో గోడ మందాన ఖాళీ వదిలి, ఆ గోడ మీంచే మళ్లీ పోట్లాడుకున్నారు.

ఉద్యోగం ఊడుతుందేమో అనుకుంటూనే అతను ఫోటోలన్నీ ఆఫీసుకి పంపాడు. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. అతనికి కాదు, మేనత్తకీ వీధివాళ్లందరికీ, పాత డోర్ నంబర్ల మీద. గని స్థలంలో కాపురముంటున్నట్టు ఫోటోల్లో రుజువైందట, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలట.

"ఏం చేద్దామత్తా?"

"సామాను సర్దుకోవద్దూ? నెల గడువు అడుగు."

అడిగాడు. ఇచ్చారు. ఖాళీ చేయాలంటే ముందు ఎక్కాలి కదా అని మేనేజరే ఆ నెలంతా క్రేన్ తిప్పించాడు.

ఆఖరిరోజు మేనత్త అందరి తర్వాత దిగింది. దిగేముందు తలుపు దగ్గరగా వేస్తున్నట్టు గాల్లో చెయ్యి తన వైపు లాగింది. అతను కెమెరా ఎత్తాడు.

"వద్దురా," అంది. "ఇల్లు బోసిగా ఉంది."

అతను కెమెరా దించేసి, ఆమె సంచి అందుకున్నాడు.