మొదటి గుండు

బ్యాంకు గేటు దగ్గర ముప్పై ఏళ్లు రైఫిల్ పట్టుకుని కాపలా కాసిన పెద్దాయన, పోటీల్లో గురి చూసి కాల్చే కూతురితో తుపాకుల కొట్టుకు వచ్చాడు. ఆమె రైఫిల్ శుభ్రం చేసే పని ఆయనదే. ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వడు.

"చిక్కటి నూనె ఇవ్వమ్మా, గొట్టమంతా దట్టంగా పట్టించాలి," అన్నాడు.

కొట్టామె రెండు సీసాలు ముందు పెట్టింది. "ముందు దీంతో మసి వదిలించండి. తర్వాత తుప్పు పట్టకుండా ఈ పల్చటి నూనె ఒక్క పూత చాలు. కాల్చే ముందు అది కూడా పొడిగుడ్డతో తుడిచెయ్యాలండీ. గొట్టం తడిగా ఉంటే మొదటి గుండు పక్కకు పోతుంది."

"నాకే చెప్పొచ్చావా తల్లీ! ముప్పై ఏళ్లు నూనె పట్టించాను. ఒక్క గుండయినా పక్కకు..."

ఆ ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క గుండు కూడా కాల్చలేదు.

ప్రతి పోటీలోనూ కూతురి మొదటి గుండు పక్కకే పోయేది. ఆమెకు కంగారెక్కువని ఆయన చిందులు తొక్కేవాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు కూతురి మొహం చూడకుండా.

"రెండేళ్లుగా తెలుసు నాన్నా. అంత ఇష్టంగా పట్టిస్తావు, తుడవడానికి చెయ్యి రాలేదు."

ఆయన పల్చటి నూనె సీసా అందుకున్నాడు.

"పొడిగుడ్డలు మాత్రం మా పిల్ల చేతికివ్వమ్మా. నాకిస్తే వాటినీ నూనెలో ముంచేస్తాను."