గోడకు నల్ల బిళ్లలు

పొరుగువాడి గోధుమ బాగా పండితే జెఫ్తా గారడ్ ఓర్చుకునేవాడు. వాన దేవుడి చేతిలోది. కానీ భార్య అన్నగారు అంబ్రోస్ కెర్సీ ఎర్ర ఇటుకతో ఇల్లు కట్టాక తిన్నది అరగడం మానేసింది. ఇంగ్లండులో జార్జి రాజు గద్దెనెక్కిన కొత్తలో, సఫోక్ పల్లెల్లోని ఆ దారి పొడుగునా ఓక్ దూలాల మట్టి ఇళ్లే. మధ్యలో అంబ్రోస్ ఇల్లు నాలుగు వైపులా ఇటుకే. తలుపుకు అటెన్ని కిటికీలో ఇటూ అన్నే. ఆదివారం చర్చికి దాని ముందునుంచే నడవాలి.

"అన్నయ్య ఇంట్లో పొగ కళ్లకి తగలదట," అంది భార్య థామసిన్.

"మీ అన్నయ్యకి కళ్లు నెత్తికెక్కి చాలా రోజులైంది. పొగ అందదులే."

జెఫ్తాకి ఇల్లంతా ఇటుకతో కట్టే తాహతు లేదు. కానీ చూసేవాడు దారిమీద నుంచే చూస్తాడు. ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు గాని, ఇంటికి పళ్లు చూసేదెవరు? ముందు గోడ ఒక్కటే ఎర్ర ఇటుకతో లేపమన్నాడు.

తాపీమేస్త్రి పెటిట్ ఒక ఇటుక పొడుగ్గానూ, పక్కది అడ్డంగానూ పేర్చాడు. అడ్డిటుకకు తల మాత్రమే బయట కనిపిస్తుంది, తోక వెనక ఉన్న నాసిరకం ఇటుకల వరసలోకి దిగుతుంది.

"అడ్డిటుకని సగానికి విరిచెయ్," అన్నాడు జెఫ్తా. "ఒక్కదానికి రెండు తలలొస్తాయి. బయటికి తెలుస్తుందా?"

"బయటికి తెలీదయ్యా. గోడకి తెలుస్తుంది. రెండు వరసల్నీ పట్టుకునేది ఆ తోకే."

"గోడ వచ్చి నీతో చెప్పిందా? మిగిలిన ఇటుకతో ఎత్తు లేపు. అంబ్రోస్ ఇంటిని మించాలి."

పెటిట్ నిట్టూర్చి ఇటుకలు విరిచాడు.

కోతలయ్యాక అంబ్రోస్ గుర్రం ఆపి తలెత్తి చూశాడు. "ఏం బావా, మబ్బులకి ఆసరా కడుతున్నావా?" అన్నాడే గాని, చూపు గోడ కొస మీంచి దింపలేదు. జెఫ్తా ఆ పూట చీజు మరో ముక్క అడిగి తిన్నాడు.

చలికాలం పోయి మంచు కరిగింది. "ఏమయ్యా," అంది థామసిన్ వాకిట్లో నిలబడి, "మన గోడకి నెల తప్పిందా? పొట్ట తెలుస్తోంది!"

పెటిట్ తూకం గుండు వేలాడదీసి తల అడ్డంగా ఊపాడు. గోడ విప్పాలి, లేదా ఇంట్లోని ఓక్ దూలానికి ఇనుప కడ్డీలు బిగించి, వాటి కొసలు గోడ బయటికి తీసి బిళ్లలతో ఆపాలి. విప్పితే అంబ్రోస్ గుర్రం దిగి మరీ నవ్వుతాడు. బిళ్లలైతే గాయానికి కుట్లలా ఎప్పటికీ కనిపిస్తాయి. జెఫ్తా కుట్లే వేయించుకుని నల్లరంగు పూయించాడు.

ఆదివారం అంబ్రోస్ రానే వచ్చాడు.

"ఇవేంటి బావా? ఇప్పుడు లండన్‌లో ఇలా పెడుతున్నారా?"

థామసిన్ నోరు తెరిచింది. జెఫ్తా ఆమె కాలు తొక్కి, "నీకు తెలీదా?" అన్నాడు, అంతే.

సెప్టెంబరు ఆఖర్లో మైకేల్మాస్ పండక్కి బాతు కోసేలోగా అంబ్రోస్ ఇంటికీ బిళ్లలు మొలిచాయి.

"వెనక కడ్డీల్లేవయ్యా," అన్నాడు పెటిట్ చెవిలో. "బంగారంలాంటి గోడ. ఊరికే బిళ్లలు పొడిపించుకున్నాడు."

జెఫ్తా కంచె పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. తుడుచుకుని మళ్లీ చూశాడు. నవ్వు ఆగింది.

"పెటిట్, వాడివి మనవాటికన్నా పెద్దవి కదూ?"