ముందే గీసిన గీత

నూనె గుడ్డ దులపగానే బల్ల మీద టిక్కుమని ఏదో పడింది. వంగి చూసిన తుపాకుల మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి.

గోరంత ఇత్తడి రేకు. చెల్లెలి తుపాకీలో, గురి చూసే గొట్టం, అదే స్కోపు, దాని వెనక భాగం కింద ఉండాల్సిన రేకు. పొద్దున తుపాకీ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించింది తనే. ఇది జిడ్డుకి అంటుకుని గుడ్డలోనే ఉండిపోయింది. రేకు లేకపోతే స్కోపు వెనక్కి వాలుతుంది, గుండు గురికి కిందుగా తగులుతుంది. ఆ తుపాకీ ఇప్పుడు గదిలో లేదు. మేస్త్రి భోజనానికి వెళ్ళిన సమయంలో, ఎవడో తాగుబోతు పక్కింటి పాప మెడ మీద కత్తి పెట్టాడని పిలుపొస్తే, పోలీసుల్లో గురి తప్పదని పేరున్న చెల్లెలు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కనీసం చూసుకోకుండా ఎలా వెళ్ళిందంటారా? ఆ తుపాకుల గదికి ఒక పద్ధతి ఉంది. విప్పి బిగించిన తుపాకీని మేస్త్రి మైదానానికి తీసుకెళ్ళి కాగితం మీద కాల్చి చూస్తాడు. గురి కుదిరాకే స్కోపు స్క్రూ మీదుగా, పెళ్ళాం గోళ్ళ రంగుతో, ఎర్ర గీత గీస్తాడు. గీత ఉందంటే మేస్త్రి మాట ఇచ్చినట్టే. ఇక ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ మాత్రం భోజనం చేసొచ్చేలోపు రంగు ఆరుతుంది కదా, తర్వాత తీరిగ్గా కాల్చి చూడొచ్చని గీత ముందే గీసేశాడు మహానుభావుడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

చెల్లెలి ఫోను పలకలేదు. వైర్‌లెస్‌లో గొంతు చించుకుంటే, "లైను ఖాళీ లేదు, తప్పుకో" అని కసిరారు. స్కూటరు తీశాడు. దారి పొడవునా ఎక్కడ కాల్పు వినపడుతుందోనని చెవులు రిక్కించుకునే నడిపాడు. ఎక్కడో బండి టైరు పేలితే ఏడుపొచ్చేసింది.

చెల్లెలు తాగుబోతు ఇంటికి ఎదురుగా ఉన్న డాబా మీద బోర్లా పడుకుని ఉంది. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి వేలు నొక్కేస్తుందేమో. మేస్త్రి నేల మీద పాకుతూ వెళ్ళాడు. పిట్టగోడ సందులోంచి ఎదుటి కిటికీ కనిపించింది. వాడి నుదురు, దాని కిందే పాప తల, రెండు జడలు.

"ఎవరది?" కన్ను తియ్యకుండానే అడిగింది.

"నేనేనే. కాల్చకే తల్లీ. కాల్చి చూడకుండానే గీత గీశాను. రేకు గుడ్డలో ఉండిపోయింది. గుండు కిందికి పోతుంది."

ఆమె కదల్లేదు. "ఎంత కిందికి?"

ఇరవై ఏళ్ళుగా ఏ తుపాకీ గురించి అడిగినా టక్కున చెప్పే మనిషి మొదటిసారి ఆ మాట అన్నాడు.

"తెలీదమ్మా."

చెల్లెలు వేలు తీసేసింది. "నా తుపాకీ పనికిరాదు. నేను కాల్చను" అని మైకులో చెప్పింది. మేస్త్రికి ఒక భయం తీరేలోపే ఇంకో భయం పట్టుకుంది. ఇప్పుడు వాడు కత్తి లాగితే ఆపే దిక్కు లేదు. అదీ తన చలవే. కళ్ళు మూసుకోవాలనిపించింది కానీ మూసుకోలేకపోయాడు.

ఆ ఇంటి వెనక బాల్కనీ తలుపు పోలీసులు విరగ్గొట్టిన చప్పుడైంది. కేకలు. ఆ తర్వాత పాప ఏడుపు. బతికి ఉన్న పిల్ల ఏడుపు. మేస్త్రి గోడకి చేరగిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

చెల్లెలు లేచింది. అదే తుపాకీతో తిన్నగా మైదానానికి వెళ్ళింది. కాగితం మీద ఒక పెద్ద సున్నా, దాని కింద ఒక చిన్న సున్నా గీసింది. పెద్దదానికి గురిపెట్టి కాల్చింది. చిల్లు చిన్న సున్నాలో పడింది.

"తిట్టవే. ఒక్క మాటైనా తిట్టవే" అని బతిమాలాడు.

ఆమె తుపాకుల గదిలోకి వెళ్ళి, వరసలో ఉన్న ఒక్కో తుపాకీ తీసి, ఎర్ర గీతలన్నీ గోటితో గీకేయడం మొదలుపెట్టింది. నిజంగా కాల్చి చూసి గీసినవి కూడా వదల్లేదు. మేస్త్రి గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇకనుంచి ఎవరి తుపాకీ వాళ్ళే కాల్చి చూసుకుంటాం. వదినకి చెప్పు అన్నయ్యా, గోళ్ళ రంగు గోళ్ళకే వేసుకోమని" అంది.