పుచ్చుగింజ

పురుగు పట్టిన గింజను జెనొవేవా కళ్ళకంటే ముందు ఆమె వేళ్ళే పట్టుకుంటాయి. మంచి గింజ చేతికి గట్టిగా, పొడిగా తగులుతుంది. పుచ్చిన గింజకు బరువుండదు. నొక్కితే పెంకు చిట్లి లోపల బూజు దారాలు, వాటి మధ్య మెత్తగా మెదిలే తెల్లటి పురుగు కనిపిస్తాయి. ఆమె దాన్ని బొటనవేలితో నలిపి, ఆ వేలు ఏప్రానుకు తుడుచుకుని, మళ్ళీ బల్ల మీదికి చేయి చాపుతుంది. ఆ ఉదయం కోకో గింజల మూడో గోనె సంచి నడుస్తోంది. తొట్టెలో అప్పటికే రాళ్ళు, తాడు ముక్కలు, ఎండిన బొద్దింక ఒకటి, పిడికెడు పుచ్చుగింజలు పోగయ్యాయి.

ఆ గది ఫ్యాక్టరీకి అడుగున ఉంది. గోడకు ఎత్తులో ఒకే కిటికీ. దానిలోంచి వీధిలో నడిచేవాళ్ళ చీలమండలు, రాళ్ళ మీద గడగడలాడుతూ పోయే సూట్‌కేసుల చక్రాలు తప్ప ఇంకేమీ కనపడవు. పై అంతస్తు నుంచి వచ్చే కరిగిన చాక్లెట్ వాసనకు ఆ చీలమండలు ఆగుతాయి. "ఆహా" అని ఏదో ఒక భాషలో వినపడుతుంది. కింద వాసన వేరు. పులిసిన వెనిగరు, తడిసిన గోనె, ఎలుక పెంట. పోర్చుగల్‌లోని ఈ పోర్తో ఊళ్ళో వాన మొదలైతే మురుగు కాలువ కూడా వచ్చి కలుస్తుంది. నలభై ఒక్క ఏళ్ళుగా జెనొవేవా ఈ రెండు వాసనల్నీ ఒంటిమీద మోసుకుని ఇంటికి పోతోంది. తల ఎన్నిసార్లు నిమ్మరసంతో రుద్దుకున్నా వదలలేదు. మొగుడు అర్మిందు బతికున్న రోజుల్లో ఆమె మెడ దగ్గర ముక్కు పెట్టి, "నా మిఠాయి కొట్టు" అనేవాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. ఎందుకో చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఆమెకు అరవై అయిదేళ్ళు. బరువైన ఒళ్ళు, సాయంత్రానికి చెప్పుల పట్టీల మీంచి పొంగే పాదాలు. గోళ్ళ కింద పేరుకున్న గోధుమరంగు ఇక పోదు. పింఛనుకు ఎనిమిది నెలలుంది.

పదింటికి అదోజిండా రెండు కాఫీలు పట్టుకుని మెట్లు దిగింది. పై అంతస్తులో ఆమెది పొట్లాల పని. చేప ఆకారంలో పోసిన చాక్లెట్‌కు వెండికాగితం చుట్టి, కళ్ళు, పొలుసులు సరిగ్గా పడేలా నొక్కాలి. ఊరికొచ్చిన ప్రతివాడూ ఓ డబ్బా కొనుక్కుపోతాడు.

"ఏమే, ఇంకా బతికే ఉన్నావా? పైన నీకు సింహాసనం వేస్తున్నారు."

"ఏం సింహాసనం?"

"చిన్న యజమాని నీకు వేషం తెప్పించాడే. పసుపు తలగుడ్డ, బుట్ట. బుట్టలో ప్లాస్టిక్ కోకో కాయలు. పాట కూడా పాడాలట."

"నాకు పాటలు రావు."

"నాకు చేపలు పట్టడం వచ్చేంటి? పొద్దున్నుంచీ వెయ్యి చేపలకు చొక్కాలు తొడిగాను." అదోజిండా బల్లమీది గింజల వంక చూసి మూతి తిప్పుకుంది. "ఛీ, కదులుతోందే అది! దీన్ని తిని ఆ నాజూకు మనుషులు వేళ్ళు నాకుతారు చూడు... మా చేపల బజార్లో ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది."

జెనొవేవా నవ్వలేదు. కాఫీలో పంచదార వేసుకోదు ఆమె. చేదుగానే తాగేసి కప్పు తిరిగి ఇచ్చింది.

దువార్త్ పదకొండింటికి వచ్చాడు. యజమాని మనవడు, ముప్ఫై నాలుగేళ్ళు, తెల్లటి బూట్లు. ఆ బూట్లకోసమే గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చిన్నప్పుడు అతను పై అంతస్తులో కరిగిన చాక్లెట్ తొట్టెలో మోచేతిదాకా చేయి ముంచి, దాన్ని నాకి, మళ్ళీ ముంచేవాడు. ముక్కు కారుతూ ఉండేది. ఆ తొట్టెలోది పారబొయ్యమని అతని తాత ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు అతని చేతులు లావెండరు వాసన వేస్తున్నాయి.

"డోనా జెనొవేవా, పన్నెండింటికి టూరిస్టుల బృందం వస్తోంది. ఒక్క అరగంట. శనివారం కొత్త హాలు తెరుస్తున్నాం కదా, దానికి ఇది రిహార్సల్ అనుకోండి."

"నేను గింజలు ఏరేదాన్ని బాబూ."

"అందుకే మీరు కావాలి! మిగతా అన్ని చాక్లెట్ దుకాణాల్లోనూ అలంకరణే. మన దగ్గర అసలు మనిషి ఉంది. కోకో తోటలో పుట్టిన మనిషి."

ఆమె తోటలో పుట్టిన మాట నిజమే. ఆఫ్రికా తీరాన పోర్చుగీసువాళ్ళు ఏలిన సావు తొమె దీవి. కరువు ఏడాది కేప్ వెర్దె దీవుల నుంచి ఆమె అమ్మానాన్నల్ని ఓడలో తెచ్చారు. మూడేళ్ళ కాంట్రాక్టు అన్నారు. తిరుగు ఓడ గురించి ఎప్పుడడిగినా వచ్చే ఏడాదే. తండ్రి ఆ వచ్చే ఏడాది కోసం చూస్తూనే తోటలో పోయాడు. తల్లి గింజలు ఆరబెట్టే చోట పనిచేసింది. పలకరాళ్ళ కింద మంట పెడతారు. పైన గింజలు పరిచి, కాళ్ళతో తిరగేస్తూ నడవాలి. ఆమె అరికాళ్ళ చర్మం మందంగా, పసుపుపచ్చగా, గిట్టల్లా ఉండేది. దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది తల్లీకూతుళ్ళు లిస్బన్‌కు వచ్చే ఓడెక్కారు. జెనొవేవాకు అప్పుడు పదహారేళ్ళు. బతకడానికి తెలిసిన పని ఒక్కటే ఉంది. ఆ గింజ అంటే ఎంత అసహ్యమో, అది అంత బాగా తెలుసు ఆమె చేతులకు.

కొత్త హాల్లో గోడ నిండా చరిత్ర రాయించారు. పోర్చుగీసు రాణులు పొద్దున్నే తాగిన వేడి చాక్లెట్, బ్రెజిల్ నుంచి దీవులకు చేరిన మొక్క, తాతగారి మొదటి యంత్రం. మధ్యలో నిలువెత్తు ఫొటో: బుట్ట పట్టుకుని నవ్వుతున్న నల్లపిల్ల. వందేళ్ళ కిందట ఇంగ్లీషు చాక్లెట్ కంపెనీలు ఈ దీవుల్లో బానిసపని నడుస్తోందని గింజలు కొనడం మానేసిన సంగతి ఆ గోడమీద ఎక్కడా లేదు.

తలగుడ్డ కలరా ఉండల వాసన కొట్టింది. అదోజిండా దాన్ని ఆమె నుదుటిమీద ముడివేస్తూ, "నీ మొహం చూస్తే పాలు విరుగుతాయి. కాస్త నవ్వు, తొందరగా వదిలేస్తారు" అంది గుసగుసగా.

వచ్చినవాళ్ళు పన్నెండు మంది. చిన్న గ్లాసుల్లో పోర్ట్ వైను పోశారు. ఎలా తినాలో దువార్త్ నేర్పాడు: కొరకకూడదు, నాలుక మీద పెట్టి కరగనివ్వాలి. పన్నెండు నోళ్ళు మూతపడ్డాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఒక లావుపాటి ఆయన కళ్ళు మూసుకుని ముక్కుతో మూలిగాడు. ఎర్ర కోటు ఆవిడ పళ్ళ సందుల్లో గోధుమరంగు ముద్ద నిలిచింది. ఆమె దాన్ని వేలితో తీసి నాకి, ఆ వేళ్ళతోనే ఓ చేప చాక్లెట్ వెండికాగితం ఒలిచి జెనొవేవా దగ్గరికొచ్చింది. ఎవరో ఫోను ఎత్తిపట్టారు. వద్దనేలోపు చాక్లెట్ జెనొవేవా పెదాల మధ్య ఉంది.

కరిగింది. తియ్యగా, జిడ్డుగా నాలుకంతా పట్టుకుంది. ఆ తీపి కింద పులిసిన వాసన, దాని కింద మంట పెట్టిన పలకరాయి. అరచేతిలోకి ఉమ్మేసింది.

ఫోను ఎత్తినవాడు నవ్వాడు. దువార్త్ కూడా నవ్వబోయి, గబగబా, "డోనా జెనొవేవా, తోటలో మీ చిన్నతనం గురించి రెండు మాటలు చెప్పండి. మన పోర్చుగీసులోనే చెప్పండి, నేను ఇంగ్లీషులోకి మారుస్తాను" అన్నాడు.

ఆమె అరచేతిలోని ముద్దను చూసింది. ఏమీ చెప్పకూడదనే అనుకుంది. మాటలు వాటంతట అవే వచ్చాయి.

"నాకో తమ్ముడుండేవాడు. ఆరేళ్ళు. కాయలో గింజచుట్టూ తెల్లటి గుజ్జుంటుంది, తియ్యగా ఉంటుంది. రాలిన కాయ ఒకటి పగలగొట్టి చప్పరించాడు. మేస్త్రీ చూశాడు. దొంగకు ఆకలేస్తోందిగా, తిననివ్వండి అన్నాడు. పారబోసిన బూజుగింజల్లోంచి ఓ గిన్నె తెప్పించాడు. అందరూ చూస్తుండగా మొత్తం తినిపించాడు. కక్కితే కక్కింది కూడా. మా అమ్మ పలకల మీద నడుస్తూనే ఉంది. ఆగితే ఆవిడకీ పెట్టేవాళ్ళు. మూడో రోజు వాడు పోయాడు."

దువార్త్ మెడ ఎర్రబడింది. జనం వైపు తిరిగి, నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పాడు.

జనం "ఓ..." అన్నారు ముద్దుగా. ఎర్ర కోటు ఆవిడ గుండెమీద చేయి పెట్టుకుని చిరునవ్వు నవ్వింది. లావుపాటి ఆయన ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు.

జెనొవేవాకు ఇంగ్లీషు రాదు. కానీ చచ్చిపోయిన పిల్లాడి గురించి విని ఎవరూ అలా నవ్వరని తెలుసు.

వెనక వరసలో ఒక బ్రెజిల్ అమ్మాయి ఉంది, ఆమెదీ పోర్చుగీసే. ఆ అమ్మాయి చప్పరించడం ఆపేసింది. మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గలో అలాగే ఉంచుకుంది. చివరికి చేతిరుమాలులోకి ఉమ్మి, దువార్త్ వైపు తిరిగి పోర్చుగీసులో అడిగింది.

"ఆవిడ చెప్పింది ఇది కాదుగా? పిల్లలకు ఈ గింజలంటే ప్రాణం అని చెప్పిందా ఆవిడ?"

దువార్త్ పక్క హాల్లో వేడి చాక్లెట్ ఉందని అందరినీ తలుపువైపు నడిపించాడు. ఆ అమ్మాయి మాత్రం జెనొవేవా దగ్గర ఆగింది.

"మీ తమ్ముడి పేరేంటమ్మా?"

తల్లి పోయాక ఆ పేరు పలకాల్సిన పని ఎవరికీ పడలేదు.

"ఎవరిష్టు," అంది జెనొవేవా. "వరిష్టూ అని పిలిచేవాళ్ళం."

అమ్మాయి ఆ పేరు ఒకసారి మెల్లగా పలికి, వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

రెండింటికి దువార్త్ మెట్లు దిగాడు. ఈసారి బూట్ల సంగతి మరిచి లోపలిదాకా వచ్చాడు.

"ఎందుకలా చేశారు? మీరు మా ఇంటి మనిషి. తాతగారు మిమ్మల్ని ఎంత బాగా చూసుకున్నారు!"

"వాళ్ళకేం చెప్పావు బాబూ?"

"తీపి తినడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఏం చెప్పమంటారు?"

"నేను చెప్పింది."

అతను బల్లమీది గింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. అది పుచ్చుగింజ. చిట్లింది. చేయి విదిలించుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "శనివారం పాట ఒక్కటే చాలు. మాటలు వద్దు. ఒప్పుకున్నారా?"

"శనివారం నేను రాను. సోమవారమూ రాను."

"ఎనిమిది నెలలే ఉంది, పిచ్చా మీకు? పింఛను తగ్గిపోతుంది."

"తెలుసు."

"ఎవరి మీద ఈ కోపం? నేను పుట్టకముందు జరిగినదానికి నేనేం చేశాను?"

"అప్పటిదానికి నువ్వేం చెయ్యలేదు. ఇవాళ చేశావు." ఆమె గొంతు పెరగలేదు. "మా తమ్ముడి నోట్లో ఆ గింజలు మళ్ళీ పెట్టావు."

దువార్త్ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. జెనొవేవా మూడో సంచి పూర్తిచేసింది. మధ్యలో వదిలేసి పోవచ్చు. కానీ ఆమె ఏరని పురుగుల్ని తినేది దువార్త్ కాదు. బల్ల తుడిచి, తొట్టె బయట గుమ్మరించి, ఏప్రాను విప్పి మేకుకు తగిలించింది. పంపు కింద చేతులు మోచేతులదాకా కడుక్కుంది. నోరు మూడుసార్లు పుక్కిలించింది.

గేటు దగ్గర అదోజిండా ఎదురొచ్చింది. పైన అందరికీ అప్పటికే తెలిసిపోయింది. ఆమె పరాచికమేదో ఆడబోయి, జెనొవేవా మొహం చూసి మానేసింది.

"నలభై ఏళ్ళు కలిసి కాఫీ తాగాం. ఒక్కసారైనా చెప్పలేదేమే నాకు?"

"నువ్వు నన్ను నవ్వించడానికి వచ్చేదానివి," అంది జెనొవేవా. "అది పాడుచెయ్యడం దేనికని."

అదోజిండా ఆమె బుగ్గలు రెండూ గట్టిగా ముద్దుపెట్టుకుంది. జెనొవేవా ఏటవాలు వీధిలో బస్సు స్టాపువైపు మెల్లగా, ఒక్కో అడుగూ ఆనించి చూసుకుంటూ దిగిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు.

శనివారం హాలు తెరిచారు. పసుపు తలగుడ్డ కట్టుకుని ఏజెన్సీవాళ్ళు పంపిన పిల్ల ఎవరో పాడింది. బాగానే పాడింది. జనం డబ్బాలు డబ్బాలు కొనుక్కుపోయారు.

సోమవారం పదింటికి అదోజిండా అలవాటు కొద్దీ రెండు కాఫీలు పోసుకుని కిందికి దిగింది. ఏరని సంచులు గోడకు చేరబడి ఉన్నాయి. కిటికీలో చీలమండలు పోతున్నాయి. బల్ల దగ్గర ఎత్తు స్టూలు మీద, పాత గోనెగుడ్డలో చిరిగిన మేజోళ్ళు కూరి జెనొవేవా కుట్టుకున్న దిండు ఒకటి, ఆమె బరువుకు ఎడమవైపు లోతుగా, కుడివైపు కాస్త తక్కువగా దిగిన గుంటతో.