గులాబీరంగు తెప్ప

చలి మొదలయ్యాక సముద్రం చూడ్డానికి వెళ్లేవాళ్లని మా వైపు పిచ్చాళ్లంటారు. ఐర్లండులో సెలవుకి వచ్చినవాళ్లంటారు. అక్టోబరు నెలాఖరున ఇక్కడి పిల్లలకి వారం రోజులు బడి ఉండదు, పెద్దవాళ్లకి సోమవారం సెలవు. ఈసారి అదే కార్తీక సోమవారం కూడా అయి కూర్చుంది. కిల్కెన్నీలో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి అపర్ణ, "నాన్నా, రెండు రాత్రులు సముద్రం దగ్గర ఉండొద్దాం, అమ్మకి స్నానం కూడా కలిసొస్తుంది" అంది. మా ఆవిడ మంగతాయారు ఆ మాట పూర్తికాకుండానే పెట్టె సర్దేసింది. పైన వత్తులు, ఆవునెయ్యి, పసుపు, కుంకుమ, పిండి. అడుగున, జాగా మిగిలితే, నా స్వెట్టరు.

వాటర్‌ఫర్డ్ దాటాక వస్తుంది ఆ ఊరు. దాని పేరు రాయను. నేను పలికితే మా మనవరాలు యోగిత కిందపడి దొర్లుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల. మనం తెలుగులో ఏమన్నా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఈ ఊరి యాసలో ఇంగ్లీషులో ఇస్తుంది. నా దగ్గర ఉన్న ఇంగ్లీషు తొమ్మిదో తరగతి దాకా మేష్టారి బెత్తం కింద నేర్చుకున్నది. కనక బయటికి వెళ్తే నా నోరు ఆ పిల్లే.

ఆ ఊళ్లో చూడ్డానికి ఏముందయ్యా అంటే, మూసేసినవి చాలా ఉన్నాయి. ఐస్‌క్రీం కొట్టుకి చెక్కలు కొట్టేశారు. ఆటల హాల్లో సగం దీపాలు ఆర్పేసి, నాణేలు తోసే యంత్రం ఒక్కటి తిప్పుతున్నారు. దాని ముందు మా అల్లుడు త్రినాథ్ గంటసేపు నిలబడి ఒక ప్లాస్టిక్ బాతుని గెలిచాడు, ఇంటి తాళాలు అందుకున్నవాడిలా పట్టుకొచ్చాడు. గట్టు మీద నడిస్తే గాలి మన చేతిలోని చిప్స్‌ని పక్కవాడి నోట్లో పెడుతుంది. నా వయసు ఆడవాళ్లు ఊలు టోపీలు పెట్టుకుని, మంచులాంటి నీళ్లలో మెడదాకా దిగి, కూరలు బేరమాడుతున్నట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. సోమవారం తెల్లవారుజామున మంగతాయారు చీరతోనే వాళ్ల మధ్యకి దిగి మూడు మునకలేసి లేస్తే, చప్పట్లు కొట్టారు. "ఏవండీ, మీరూ దిగండి" అంది వణుకుతూ. "పుణ్యంలో సగం భర్తకేనటగా, అందులోంచి తీసుకుంటాలే" అన్నాను.

మేం దిగిన ఇల్లు డెక్లన్ అనే ఆయనది. యాభై దాటిన మనిషి, పెద్ద చేతులు. ఆదివారం సాయంత్రం ముందు గదిలో నిప్పు వేసి మమ్మల్ని కూచోబెట్టాడు. అంతర్వేది పక్కన పుట్టినవాడికి సముద్రం మీద కోతలు కోసే హక్కు పుట్టుకతో వస్తుంది. నేను మొదలెట్టాను. తుఫాన్లో మా కొబ్బరిచెట్టు వేళ్లతో సహా లేచి, నన్ను మొవ్వులో కూచోబెట్టుకుని యానాం దాకా ఎగిరి, నేను కాఫీ తాగేదాకా ఆగి, మళ్లీ తెచ్చి పెరట్లో దిగబెట్టిందని. యోగిత ఒక్క ముక్క వదలకుండా, ముఖం బిగించి, కోర్టులో సాక్షిలా అప్పగించింది. డెక్లన్ తల పంకించి, "తిరుగు ప్రయాణానికి టికెట్ తీసుకుందా?" అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆయన బెల్టుకి చిన్న యంత్రం ఉంది. ఏంటని అడిగాను. ఊళ్లో లైఫ్‌బోట్ ఉందట. సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉన్నారని తెలిస్తే అది కూస్తుందట. కూస్తే తినేవాడు తిండి వదిలి, పడుకున్నవాడు దుప్పటి వదిలి పరుగెత్తాలి. జీతం లేదు. పడవని ట్రాక్టరుతో నీళ్లలోకి తోసేది ఆయన భార్య నోరా.

"మీ ఆవిడ పిలిచినా ఇలాగే పరుగెత్తుతావా?" అన్నాను.

"ఆవిడకి యంత్రం అక్కర్లేదు" అన్నాడు.

సోమవారం సాయంత్రం. చలికాలానికని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పిన మర్నాడు కావడంతో అయిదింటికే చీకటి దిగుతోంది. మంగతాయారు పొద్దుటినుంచీ ఉపవాసం. చుక్క కనబడ్డాక తింటుంది, ఈలోపు నీళ్లలో దీపం వదలాలి. "అరటిదొప్ప ఈ దేశంలో ఎక్కడ తెచ్చేది?" అని దిగులుపడుతుంటే, యోగిత చంకలో ఉన్న అలల మీద తేలే పలక నా కంట పడింది. గులాబీరంగుది, పిల్లలది. పొద్దున్నే కొట్లో తగ్గింపు ధరకి కొన్నాం.

"ఇదిగో తెప్ప" అన్నాను.

"మామయ్యగారూ, ఇక్కడ సముద్రంలో ఏది పడితే అది వదలకూడదండీ" అన్నాడు త్రినాథ్.

"వదలడమెందుకు అల్లుడుగారూ, తాడుంది కదా. పట్టుకుని ఉంటా. దీపం కాసేపు తేలాక లాగేద్దాం."

పలక మీద తడి ఇసుక పోసి, దాని మీద పిండి ప్రమిద పెట్టి, ఏడాదికి సరిపడా మూడువందల అరవై అయిదు వత్తుల కట్టని నేతిలో ముంచి వెలిగించింది మంగతాయారు. గాలి అప్పుడే పడిపోయింది. మంట మూరెడు లేచింది. నీళ్లు వెనక్కి తీస్తున్నాయి, తెప్ప మెల్లగా కదిలింది. ఆవిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే చలికి మొద్దుబారిన నా వేళ్లలోంచి తాడు జారిపోయింది.

"తాతా! మై బోర్డ్!"

"ఏం ఫరవాలేదే. తిన్నగా అంతర్వేది పోతుంది. ఊరెళ్లాక తీసి పోస్టు చేస్తా."

యోగిత నవ్వేసింది. త్రినాథ్ నవ్వలేదు. మంగతాయారుకి చలి పట్టిందని అపర్ణా అతనూ ఆవిణ్ని ఇంటికి తీసుకెళ్లారు. నేనూ యోగితా గట్టు మీద కూర్చుని, దీపం చిన్నదవుతూ చీకట్లోకి పోవడం చూస్తున్నాం. కుక్కని తిప్పుకుంటున్న ఒకావిడ మా దగ్గర ఆగి, సముద్రం వైపు చెయ్యి చూపించి ఏదో అడిగింది. ఆ వెలుగు మీరూ చూశారా అంటోందని యోగిత చెప్పింది.

మా దీపమేనమ్మా అంటే అయిపోయేది. నాలుగు ముక్కలు. నా నోరు ఊరుకోదే! యోగితకి కన్ను కొట్టాను. "చూశామని చెప్పు. చిన్న పడవలో ఎవరో నిలబడి, దీపం ఊపుతూ పిలుస్తున్నాడని చెప్పు."

పిల్ల ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తరవాత, కొబ్బరిచెట్టు కథ చెప్పినట్టే, ముఖం బిగించి చెప్పేసింది.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. టికెట్ తీసుకున్నాడా అంటుందనుకున్నాను. ఆవిడ ఫోను తీసి, కుక్కని లాక్కుంటూ నడుస్తూ గబగబా మాట్లాడింది. మొగుడితో చెప్పుకుని నవ్వుకుంటోందిలే అనుకున్నాను. ఇంతలో చిప్స్ కొట్టు తలుపు దభాలున తెరుచుకుంది. ఒక కుర్రాడు తింటున్నది గట్టు మీద పడేసి పరుగెత్తాడు. ఎదుటి సందులోంచి డెక్లన్ వచ్చాడు, ఒక కాలికి చెప్పు లేదు. రేవు దగ్గర దీపాలు వెలిగాయి, ట్రాక్టరు చప్పుడు మొదలైంది.

జనం పోగయ్యారు. కుక్క ఆవిడ నన్ను చూపించింది. అందరూ నా వైపు తిరిగారు. చూసింది ఈయనేనా? ఎటువైపు? ఒక్కడేనా? అప్పుడైనా చెప్పాల్సింది. ఈ దేశం వచ్చాక అంతమంది నా నోటివంక చూడటం అదే మొదలు. చెయ్యెత్తి కొండకొమ్ము వైపు చూపించాను. పడవ దీపం ఆ వైపే వెళ్లి, రాళ్ల వెనక మాయమైంది.

త్రినాథ్ పరుగున వచ్చాడు. యోగిత చెప్పింది విని తెల్లబోయాడు. నన్ను పక్కకి లాగి, "మామయ్యగారూ, ఇంక నోరు విప్పకండి. మా సిటిజన్‌షిప్ కాగితాలు ఇంకా సర్కారు దగ్గరే ఉన్నాయి. గార్డ్స్ వస్తారిప్పుడు. పోలీసులండీ! కాసేపు వెతికి వాళ్లే వచ్చేస్తారు, ఊరుకోండి" అన్నాడు. ఊరుకున్నాను. నా జీవితంలో ఊరుకోకూడని చోట ఊరుకున్నది అక్కడే.

నోరా ట్రాక్టరు దిగి, చేతిలో వైర్‌లెస్ పట్టుకుని నీళ్ల అంచున నిలబడింది. దాంట్లోంచి డెక్లన్ గొంతు గరగరమంటూ వచ్చింది. గట్టు మీది మాటలన్నీ ఆగిపోయాయి. ఒక ముసలాయన టోపీ తీసేశాడు.

"ఏమంటున్నాడే?" అన్నాను.

యోగిత నా చెయ్యి పట్టుకుంది. "దే ఫౌండ్ మై బోర్డ్, తాతా. దే థింక్ ఇట్స్ ఎ కిడ్."

చిన్నపిల్లల పలక, గులాబీరంగుది, ఖాళీగా. పక్కన దీపం ఊపుతూ పిలిచిన మనిషి. నేను కల్పించిన మనిషికి వాళ్లు నీళ్లలో ఒక పిల్లని కూడా చేర్చుకున్నారు. హెలికాప్టర్‌ని పిలుస్తున్నారట. డెక్లన్ పడవని రాళ్ల సందుల్లోకి తీసుకెళ్తున్నాడట. అక్కడ అలలు రాళ్లని కొట్టే చప్పుడు గట్టు దాకా వినిపిస్తోంది. వాళ్లు అసలైన పిల్లకోసమే వెతుకుతున్నారు.

"పద" అన్నాను యోగితతో.

"మామయ్యగారూ!" అన్నాడు త్రినాథ్ వెనకనుంచి.

నోరా ముందు నిలబడ్డాను. "చెప్పవే అమ్మా. పడవా లేదు, మనిషీ లేడు, అది మీ అమ్మమ్మ దీపం, తాత అబద్ధం చెప్పాడని చెప్పు."

యోగిత నోరాకేసి చూసి, నాకేసి చూసి, ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. ఇన్నాళ్లూ నా కోతలని ఒక్క ముక్క తప్పకుండా అప్పగించిన పిల్ల, మొదటిసారి మార్చి చెప్పింది. నా తొమ్మిదో తరగతి ఇంగ్లీషుకి కూడా ఆ మాట అందింది. తాత పొరపాటు పడ్డాడంటోంది. నన్ను కాపాడుతోంది. తల కొట్టేసినట్టయింది.

"నో మిస్టేక్" అన్నాను. అంతమందిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "లై. ఐ లై. నో మ్యాన్. నో చైల్డ్. మై వైఫ్ లాంప్. ఐ లై."

నోరా నన్ను తిట్టలేదు. నమ్మనూ లేదు. నేనిప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఏమిటి? యోగిత భుజాల మీద చేతులు వేసి, ఆ పలక నీదేనా అని అడిగింది. మీవాళ్లందరూ ఎక్కడున్నారని అడిగింది. అప్పుడు త్రినాథ్ ముందుకొచ్చాడు. కాగితాలు, గార్డ్స్ అన్న మనిషి, నా పక్కన నిలబడి, అంతా వివరంగా చెప్పాడు. అపర్ణకి ఫోను చేసి నోరాకి ఇచ్చాడు. అందరం ఒడ్డునే ఉన్నామని రూఢి చేసుకున్నాకే ఆమె వైర్‌లెస్‌లో పడవని వెనక్కి రమ్మంది.

జనం మెల్లగా విడిపోయారు. ఎవరూ నా వైపు చూడలేదు, అంత మర్యాదస్తులు. గార్డొకాయన వచ్చి పేర్లు రాసుకుని వెళ్లాడు. పడవ వచ్చింది. చిప్స్ పారేసి వెళ్లిన కుర్రాడు మోచెయ్యి పట్టుకుని దిగాడు, రాయి తగిలిందట. డెక్లన్ నిలువునా తడిసి, పలకని చంకలో పెట్టుకుని వచ్చాడు. మధ్యలో మాడిన మచ్చ, దానికి అంటుకుని నల్లటి వత్తులు. నా ముందునుంచే వెళ్లి యోగిత చేతికిచ్చి, జుట్టు నిమిరాడు. "నువ్వు ఒడ్డున ఉన్నావు, అంతే చాలు" అన్నాడట.

ఇంటికొచ్చేసరికి మంగతాయారు కిటికీ దగ్గర నిలబడి ఉంది. చుక్కలు ఎప్పుడో వచ్చాయి, ఇంకా తినలేదు.

"నా దీపం ముట్టుకుని అబద్ధమాడారటగా" అంది.

"ఆడాను మంగా."

"ఆ పిల్ల చేత కూడా ఆడించారు."

ఆవిడ పాలు మాత్రం తాగి, గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారి ఎవరికీ ముఖం చూపించలేక, ఒక్కణ్నీ లేచి గట్టు చివరిదాకా నడిచాను. అక్కడ గులకరాళ్ల మీద తెల్లగా ఏదో కదిలింది. సీల్ అని చల్లటి సముద్రాల్లో ఉండే జంతువు, దాని పిల్ల. ఒళ్లంతా తెల్లటి బొచ్చు, నల్లటి గుండ్రటి కళ్లు. నన్ను చూసి నోరు తెరిచి, పసిపిల్లలా అరిచింది. ఎంత ఉందని మనసులో కొలుచుకున్నాను. దూడంత, అని నోటిదాకా వచ్చింది. కాదు. పెద్ద దిండంత ఉంది. అంతే ఉంది. దాన్ని భయపెట్టకుండా, అడుగులు తేలిగ్గా వేస్తూ వెనక్కి వచ్చేశాను.

డెక్లన్ టిఫిన్ బల్ల దగ్గర యోగితకి టోస్టు పెడుతున్నాడు. ఆగలేకపోయాను. యోగిత ద్వారా కాదు, నేనే, నాకొచ్చిన ముక్కల్లో చెప్పాను. గట్టు చివర, రాళ్ల మీద, తెల్లటి సీల్ పిల్ల, ఇంత ఉంది అని రెండు చేతులూ చాపి, ఎక్కువైందేమోనని కొంచెం దగ్గరికి తెచ్చి చూపించాను.

డెక్లన్ విన్నాడు. తరవాత యోగిత వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు కనుబొమలెత్తాడు.

"ఐ వాజంట్ దేర్" అంది యోగిత, టోస్టు మీద వెన్న రాసుకుంటూ.

డెక్లన్ తల ఊపాడు. కెటిల్ తీసి నా కప్పు నిండా టీ పోశాడు. మధ్యాహ్నానికి వాన పడేలా ఉంది, ముందే బయలుదేరితే మంచిదన్నాడు.